రాయని కాటు

కుక్క కరిస్తే ఎవరైనా ముందు సూది కోసం వెతుకుతారు. ఆనందం పెన్ను కోసం వెతుకుతాడు. శంషాబాద్ విమానాశ్రయం దగ్గర ఒక గోదాములో ప్రథమ చికిత్స గది ఆయనది; ఎంత చిన్న గాయమైనా రిజిస్టర్‌లోకి ఎక్కాల్సిందే. "అన్నా, జర రాయకు, డ్యూటీ పోతది" అని హమాలీలు ఎంత బతిమాలినా చెవిన పెట్టడు. వెనక ‘రాతల సారు’ అని నవ్వుకుంటారు. నవ్వుకోనీ. కోపం తెచ్చుకునే ఓపిక కూడా ఆయనకు ఎప్పుడో అయిపోయింది.

శంషాబాద్ పక్కనే సాతంరాయి ఊరి మనిషి. పటాలంలో ఇరవై రెండేళ్లు మందుల పెట్టె మోశాడు. చివరి పోస్టింగు ఆఫ్రికాలో, యుద్ధం నడుస్తున్న ఊళ్ల మధ్య శాంతిసేన శిబిరంలో. మనుషులు పారిపోయిన ఊళ్లలో కుక్కలు మిగిలిపోతాయి కదా, అవన్నీ శిబిరం వంటశాల చుట్టూ చేరేవి. కంచె దగ్గర కాపలా కాసే జవాన్లు వాటికి రొట్టెలేసి, పేర్లు పెట్టి పెంచేవాళ్లు. కొత్తమనిషి అలికిడికి ముందుగా అరిచేవి అవే మరి. రూలు ఒక్కటే: పన్ను గానీ గోరు గానీ తగిలితే రిజిస్టర్‌లో రాయాలి. రాస్తేనే హెలికాప్టర్‌లో సూదిమందు వస్తుంది. రాస్తే కుక్కనూ తీసుకుపోతారు.

సాతంరాయికి దగ్గరే ఉన్న మంఖాల్ నుంచి వచ్చిన జవాను వీరేందర్ చేతిమీద ఒకరోజు సన్నటి గాటు కనబడింది. వాడు పెంచుకున్న కుక్కపిల్ల పన్ను తగిలిందట. "అన్నా, నువ్వు మన దిక్కోనివి. రాయకు. దాన్ని చంపుతరు" అన్నాడు. ఆనందం పావుగంట సబ్బుతో కడిగి, ఊరుకున్నాడు. మన దిక్కోడు గదా! నెలన్నరకు వీరేందర్ పోయాడు. చివరి రెండురోజులు నీళ్ల గ్లాసు చూస్తేనే వణికిపోయిన వాణ్ణి పట్టుకుని కూర్చున్నది ఆనందమే.

వీరేందర్ తల్లి తారాబాయికి తెలిసింది అంతే, ఆఖరిదాకా ఆనందం తన కొడుకును వదల్లేదని. ఆరేళ్లుగా ప్రతి ఏడూ కొత్త చింతపండు పంపుతోంది. ఆయన ఒక్కసారీ దాంతో పులుసు పెట్టుకోలేదు.

మొన్న ఆమె ఇంటికి వెళ్తే, పిక్క మీద సున్నం పూసుకుని కూర్చుంది. వాకిట్లో ఈనిన వీధికుక్క, పిల్లను ఎత్తబోతే పట్టేసిందట.

"ఎవరికీ చెప్పకు కొడుకా. కుక్కల బండొస్తే తల్లిని తీస్కపోతరు, పిల్లలు ఆగమైతయ్."

ఆనందం గడప మీద కూర్చున్నాడు. ఇక మోయడం తన వల్ల కాదనిపించింది.

"అమ్మా, వీరేందర్ గూడ గిట్లనే అన్నడు. నేను విన్న. రాయలే. రాసుంటే సూది వస్తుండె, వాడు బతుకుతుండె."

"వాడంటే పోరడు. నువ్వెందుకిన్నవ్?" అని మాత్రం అడిగింది తారాబాయి. ఆనందం లేచి బండి తాళం తీశాడు.

దవాఖానకు ఆయన బండి వెనకే కూర్చుని వచ్చింది. ఎప్పటిలా భుజం మీద చెయ్యి వెయ్యలేదు, సీటు వెనక కమ్మీ పట్టుకుంది. సున్నం కడిగించుకుంది. నర్సు రిజిస్టర్ తెరిచి, ఎక్కడ కరిచింది, ఎప్పుడు కరిచింది అని అడిగింది.

"అంతా మంచిగ రాయి బిడ్డా," అంది తారాబాయి. "రాయకుంటే ఏమైతదో ఈయనకు ఎరుకే."