దీవెనయ్య మాస్టారు తన మీద తానే పెంచుకున్న వేలం

మొన్న మా వీధి చివర రేడియోలు బాగుచేసే దుకాణంలో ఎవరిదో పాత వాల్వు రేడియో వేడెక్కుతోంది. ఆ వాసనకు నడుస్తున్నదాన్ని ఆగిపోయాను. కాలుతున్న దుమ్ము, కరిగే మైనం, ఎండలో పెట్టిన చెక్క కలిస్తే వచ్చే వాసన అది. కూరగాయల సంచీ చేతిలో ఉండగానే దీవెనయ్య మాస్టారు నా కళ్ళముందు వంగారు. అవును, వంగారు. పాత యంత్రం ఏది కనిపించినా దాన్ని వెనక్కి తిప్పి, నడుము వంచి, కళ్ళు మూసుకుని వాసన చూసేవారాయన, మిర్చి యార్డులో టిక్కీ బస్తా విప్పించి ఘాటు చూసే వ్యాపారిలాగా. "మాడు వాసన వచ్చిందంటే పోయినట్టేనమ్మా. దుమ్ము వాసనైతే ప్రాణం ఉన్నట్టే" అనేవారు.

ఆయన బడిపంతులుగా పనిచేసి రిటైరైన మనిషి, మా క్రైస్తవ సంఘంలో పాటలు నేర్పే పెద్ద. క్యాసెట్లు వెనకబడి సీడీలు వస్తున్న రోజుల్లో నేను ఉద్యోగానికని గుంటూరు వచ్చి, ఆయన గాయక బృందంలో చేరాను. చిన్నప్పటి నుంచీ ఆదివారం బడిలో పెరిగినదాన్ని కాబట్టి నాకు వాక్యం వచ్చు, పాటలు వచ్చు. ఎవరైనా నన్ను దిద్దితే మాత్రం వారం రోజులు వాళ్ళతో మాట్లాడేదాన్ని కాదు. దేవుడు నన్ను సరిగ్గా ఆ బృందంలోకే ఎందుకు పంపాడో అప్పట్లో నాకు తెలియదు.

మా సంఘానికి సొంతంగా ఒక కోతల పండుగ పాట ఉంది. ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయిన ఒక పెద్దాయన కట్టిన పాట. దాని పల్లవిలో రెండో వరుసను మాస్టారు పైకి ఎత్తేవారు. ఆడవాళ్ళ వైపు ముందు బల్లలో కూర్చునే రాహేలమ్మ గారు అదే వరుసను కిందికి దించేవారు. మగవాళ్ళు మాస్టారి వెంట పైకి, ఆడవాళ్ళు ఆవిడ వెంట కిందికి వెళ్ళేవాళ్ళు. ఆ వరుస రాగానే పాస్టరు గారు కళ్ళు మూసుకునేవారు. కొత్తగా వచ్చినవాళ్ళు ఆయన ప్రార్థనలో ఉన్నారనుకునేవాళ్ళు.

"మాస్టారూ, మీరెక్కించే ఆ మెట్టు మా అమ్మ ఏనాడూ ఎక్కలేదండీ" అనేవారు రాహేలమ్మ గారు.

"మీ అమ్మగారికి మోకాళ్ళ నొప్పులున్నాయేమో గానీ, పాటకు లేవమ్మా" అనేవారు ఈయన.

తేల్చడానికి సాక్ష్యం లేక కాదు. గుడి ప్రతిష్ఠ రోజున సంఘమంతా పాడిన ఆ పాటను ఎవరో మిషనరీ దొరగారు పెద్ద చక్రాలకు చుట్టే స్పూలు టేపు మీద రికార్డు చేసి, ఆ టేపు మాకే ఇచ్చి వెళ్ళారు. టేపు రేకు డబ్బాలో భద్రంగా ఉంది. దాన్ని వినిపించే యంత్రమే ఎక్కడా లేదు. ఒక ఆదివారం మాట పెరిగి, మాస్టారు అందరి ముందూ లేచి నిలబడ్డారు. "ఆ టేపు విన్న రోజున నాది తప్పని తేలితే, బృందాన్ని రాహేలమ్మ గారికి అప్పగించి వెనక బల్లలో కూర్చుంటాను" అన్నారు. ఆడవాళ్ళ వైపు మొత్తం "ఆమేన్" అంది. పాస్టరు గారి ప్రసంగానికి కూడా అంత గట్టి ఆమేన్ నేనెప్పుడూ వినలేదు.

అలాంటి సమయంలో నల్లపాడులో ఒక పత్తి మిల్లు యజమాని పోయి, వారసులు బంగళాలోని సామాను వేలం వేస్తున్నారని కబురొచ్చింది. అందులో స్పూలు టేపు రికార్డరు ఉందట. మాస్టారు నన్ను తోడు రమ్మన్నారు. ముందురోజు సాయంత్రం గుడి మెట్ల మీద కూర్చుని వ్యూహం చెప్పారు. యంత్రం వైపు చూడకూడదు. మనిద్దరం కలిసి వచ్చినట్టు కనబడకూడదు. ఇత్తడి పువ్వున్న గ్రామఫోను ముందు అమ్ముడుపోనివ్వాలి, బేరగాళ్ళ జేబులు దానితోనే ఖాళీ అవుతాయి.

"మరి ఎవరైనా దేనికొచ్చారని అడిగితే ఏం చెప్పాలండీ?" అన్నాను.

"విశ్వాసి అబద్ధమాడకూడదు. మాట్లాడకుండా ఉండొచ్చు" అన్నారు.

బస్సులోనే వ్యూహం సగం పోయింది. ఆయన ముందు కూర్చున్నారు, నేను వెనక ఎవరో పరాయిదానిలా కిటికీలోంచి చూస్తున్నాను. కండక్టరు నా దగ్గరికి రాగానే ఆయన గబుక్కున లేచి, "ఆ అమ్మాయి టిక్కెట్టు నా దగ్గరుంది! ఇద్దరం నల్లపాడు వేలానికే!" అని కేకేశారు. నా పక్క సీట్లో ఉన్నాయన పకపకా నవ్వాడు. ఆయన సుభానీ గారు. పాత రేడియోలూ గ్రామఫోన్లూ కొని హైదరాబాదు పంపే వ్యాపారి.

మిగతా సగం బంగళా వరండాలో పోయింది. గ్రామఫోను మీద ఇత్తడి బేరగాళ్ళు నిజంగానే జేబులు ఖాళీ చేసుకున్నారు. సుభానీ గారు మాత్రం దాని జోలికే వెళ్ళకుండా వచ్చి మాస్టారి పక్కన నిలబడ్డారు.

"దేనికొచ్చారు మాస్టారూ?"

మాస్టారు పైకప్పు వైపు చూశారు.

"ఎండలు ముదిరాయండీ" అన్నారు.

"ముదిరాయిలెండి. ఇంతకీ దేనికొచ్చారు?"

మాస్టారి నుదుటి మీద చెమట పట్టింది. నేను దూరం నుంచి ప్రార్థన చేస్తున్నాను. ఆ ప్రార్థన అందేలోపే ఆయన పాపం ఒప్పుకుంటున్నవాడిలా తల దించి, "ఆ స్పూలు మెషినుకి బాబూ" అనేశారు.

వేలం మొదలైంది. సుభానీ గారు ఆరు వందలన్నారు, మాస్టారు ఏడు వందలన్నారు. సుభానీ గారు ఏడున్నర అన్నారు. మాస్టారు ఎనిమిది వందలన్నారు. వేలం వేసేవాడు "ఎనిమిది వందలు, ఒకటోసారి" అన్నాడో లేదో, మాస్టారి చెయ్యి మళ్ళీ లేచింది.

"తొమ్మిది వందలు!"

"అయ్యా, ఎనిమిది వందలూ మీదేనండీ" అన్నాడు వాడు బిత్తరపోయి.

"తెలుసయ్యా. వెయ్యి!"

మా సంఘం వాళ్ళకైతే ఇందులో వింత కనిపించదు. కోతల పండుగకు అందరూ తెచ్చిన గుమ్మడికాయలూ కోళ్ళూ గుళ్ళోనే వేలం వేస్తాం. వచ్చిన డబ్బు దేవుడికి. అక్కడ పోటీ లేకపోతే మనిషి తన ధర మీద తానే పెంచుకుంటూ పోతాడు, తక్కువకు దక్కితే సిగ్గు. దీవెనయ్య మాస్టారు జీవితంలో చూసిన వేలాలన్నీ అవే.

సుభానీ గారు లేపబోయిన చెయ్యి దించేసుకున్నారు. "తన మీద తనే పెంచుకునే మనిషితో నేను పోటీ పడలేను సామీ. నాకు పిల్లలున్నారు" అని పక్కకు తప్పుకున్నారు.

తిరుగు బస్సులో మాస్టారు యంత్రాన్ని పసిబిడ్డలా ఒళ్ళో పెట్టుకున్నారు. నేను ఊరుకోలేక, "మీరు ఓడిపోవడానికి మీరే డబ్బు పెట్టి కొన్నట్టుంది. టేపులో రాహేలమ్మ గారిదే సరైనదైతే ఏం చేస్తారండీ?" అన్నాను.

"వెనక బల్ల. అక్కడ ఫ్యాను బాగా తిరుగుతుంది" అన్నారు. అన్నారే గానీ, ఊరొచ్చేదాకా ఆ రెండో వరుసను పెదవులు కదపకుండా లోలోపల పాడుకుంటూనే ఉన్నారు. పైకే.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక ఎవరూ ఇంటికి కదల్లేదు. టేపు తిరిగింది. కాసేపు వాన చప్పుడులాంటి గరగర. తర్వాత పల్లవి వచ్చింది. రెండో వరుస వచ్చింది. అది ఏ తొందరా లేకుండా మెత్తగా కిందికి దిగింది.

ఆడవాళ్ళ వైపు నుంచి లేవబోయిన సందడిని రాహేలమ్మ గారు చేత్తోనే ఆపారు. చెవులు రిక్కించి వింటూ, "అందరికంటే ముందు వినబడే ఆ మగ గొంతు ఎవరిదండీ మాస్టారూ?" అని అడిగారు.

మాస్టారు యంత్రం దగ్గరికి వంగి విన్నారు. "నాదేనమ్మా" అన్నారు చివరికి. "సరిగ్గానే పాడేవాణ్ణి. ఈ మెట్టు ఎప్పుడెక్కానో నాకే తెలీదు." అని నవ్వడం మొదలుపెట్టారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ నవ్వారు. "ఇంకోసారి తిప్పండి, ఇంకోసారి" అని టేపును మళ్ళీ మళ్ళీ పెట్టించుకుని, కుర్రవాడైన తన గొంతు వెంట తానే తడబడుతూ కిందికి దిగారు. తప్పని తేలినందుకు అంత సంతోషపడ్డ మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

తర్వాత లేచి వెనక్కి నడిచారు.

"ఎక్కడికండీ?" అన్నారు రాహేలమ్మ గారు.

"వెనక బల్లకమ్మా. మాటిచ్చాను."

"మాటిచ్చారు గనక బృందం ఇప్పుడు నాది. నా బృందంలో ఎవరెక్కడ కూర్చోవాలో నేను చెప్తాను. ముందుకు రండి."

ఆయన వచ్చి ముందే కూర్చున్నారు. అలవాటు కొద్దీ చాలా వారాలు గొంతు పైకే పోయేది. పోయినప్పుడల్లా చెయ్యెత్తి, "మళ్ళీ ఎక్కానమ్మా, దించండి" అనేవారు.

వాళ్ళిద్దరూ ఇప్పుడు ప్రభువు సన్నిధిలో ఉన్నారు. అక్కడ ఎవరు ఎటు పాడుతున్నారో నాకు తెలియదు. ఇక్కడ బృందం నా చేతికొచ్చింది. నిన్నగాక మొన్న చేరిన పిల్ల లేచి "అక్కా, అది అలా కాదేమో" అన్నప్పుడు నా ముఖం ఇప్పటికీ వేడెక్కుతుంది. ఆ వేడిని మింగేసి, "నువ్వు పాడమ్మా, వింటాను" అంటాను. చాలాసార్లు నాదే సరైనదని తేలుతుంది. అప్పుడు మాత్రం, ఎందుకో, కొంచెం నిరాశగా ఉంటుంది.