చాచా ఇంటి వైఫైకి తాళం

ఆ రోజుల్లో లోకంలోని ప్రతి కష్టానికీ ఒక సెట్టింగు ఉంటుందనీ, అది నాకు తెలుసనీ నా గట్టి నమ్మకం. డిప్లొమా ముగించి జగిత్యాలలో ఇంటర్నెట్ కనెక్షన్లు ఇచ్చే ఒక ఆఫీసులో కొత్తగా కుదురుకున్నాను. ల్యాప్‌టాప్ సంచి భుజాన వేసుకుని కోరుట్లలో బస్సు దిగానంటే, ఆపరేషన్‌కు పిలిపించిన పెద్ద డాక్టరులా నడిచేవాణ్ణి (మా అమ్మ మాత్రం ఆ సంచిలో టిఫిన్ డబ్బా తప్ప ఇంకేమీ ఉండదనే అనుకునేది).

అలా ఒక మధ్యాహ్నం టైలర్ చాచా ఇంటికి వెళ్లాను. ముందుగదిలో కుట్టుమిషన్, వెనక ఇల్లు. ఆయన వైఫైకి పాస్‌వర్డు లేదు. గల్లీ అంతా దాని మీదే బతికేది. పక్కింటి అక్క ఆయన అరుగు మీదే చేట పెట్టుకుని, బీడీలు చుడుతూ, దుబాయిలో ఉన్న భర్తతో వీడియోలో మాట్లాడేది. ఈలోగా ఎవడో ఆ కనెక్షన్ మీంచి ఎవరికో పాడు మెసేజీలు పంపాడు. పోలీసులు చాచాను స్టేషన్‌కు పిలిచి సాయంత్రం దాకా కూర్చోబెట్టి, వైఫైకి తాళం వేయించుకోకపోతే మళ్లీ పిలుస్తామని చెప్పి పంపారు.

“మా ఇంటామె ఉన్నప్పుడు తాళం వద్దన్నది బేటా,” అన్నాడాయన. “దూపకు నీళ్లడిగితె ఇయ్యమా, గిది గూడ గంతే అనేది.”

ఆమె పోయి అప్పటికి ఏడాది కూడా కాలేదు. అయినా నేను నా పాఠం మొదలుపెట్టాను.

“గట్ల కాదు చాచా. ఎన్‌క్రిప్షన్ పెడితె, నీ మాటలు గాలిల పోతుంటె ఎవ్వలికీ సమజ్ కావు.”

“నా మాటలా? ఇప్పుడు నేను ఎవలతోని మాట్లాడుతున్న బేటా?”

నేను ల్యాప్‌టాప్‌లో రౌటరు సెట్టింగులు తెరిచి, ఏం పాస్‌వర్డు పెట్టమంటావని అడిగాను. “రజియా” అన్నాడు. భార్య పేరు. కనీసం ఎనిమిది ఇంగ్లీషు అక్షరాలుండాలి, ఇది చాలదన్నాను.

“పొట్టి పేరే బేటా. మనిషి గూడ పొట్టిదే,” అని కాసేపు ఆలోచించి, “అయితె ఆమె నన్ను పిలిచేది పెట్టు. అజీ సున్తే హో,” అన్నాడు (భర్త పేరు నోట పలకని ఇల్లాలు ‘ఏమయ్యా, వింటున్నవా’ అని పిలిచే పిలుపు). “పెండ్లయిన కాన్నుంచి నా పేరు గదే.”

టైపు కొట్టాను, సేవ్ చేశాను. కొత్త తాళం పడగానే మొట్టమొదట బయటపడింది నా ల్యాప్‌టాపే. మళ్లీ లోపలికి పోదామంటే పోనివ్వదు. ఉర్దూ మాటను ఇంగ్లీషు అక్షరాల్లో ఎలా రాశానో నాకే గుర్తులేదు. “మళ్లోసారి చెప్పు చాచా.” చెప్పాడు. కుదరలేదు. “జెర గట్టిగ చెప్పు.” ఈసారి గట్టిగా, అచ్చం ఆమెలాగే చివర సాగదీసి అన్నాడు. అరుగు మీద బీడీలు చుట్టే చేతులు ఆగిపోయాయి. నేను తెర మీంచి తల ఎత్తకుండానే, “హో తర్వాత ఇంకో ఓ ఉంటదా చాచా?” అన్నాను.

“ఓ తమ్మీ,” అంది పక్కింటి అక్క, “గా డబ్బ మూసి జెర మనిషి దిక్కు సూడు.”

చూశాను. చాచా మెడలోని కొలతల టేపును కళ్లకు అదుముకుని కూర్చున్నాడు. నేను ల్యాప్‌టాప్ మూశాను. కాసేపటికి ఆయనే ముఖం తుడుచుకుని, “ఇప్పుడేం చెయ్యాలె?” అన్నాడు. రౌటరును రీసెట్ చేయాలి, సన్నటి రంధ్రంలో గుచ్చడానికి ఏదైనా కావాలన్నాను. అంగీకి గుచ్చి ఉన్న సూది తీసిచ్చాడు. ఈసారి ముందుగా బట్టలు కత్తిరించే బల్ల మీద సుద్దతో రాసుకుని, చూస్తూ టైపు చేశాను.

మొదట లోపలికి రావలసింది అక్క ఫోను. పాస్‌వర్డు వినగానే ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. “ఛీ, గీ మాట నేను నీతోని అనుడేంది చాచా!”

“నాతోని ఎందుకంటవు బిడ్డా, ఫోన్‌తోని అను.”

ఆమె ఫోనులోకి చూస్తూ, సరిచూసుకోవడానికి పైకే అనేసింది: “అజీ సున్తే హో...”

“హాఁ, ఆయా!” (ఆఁ, వస్తున్నా) అంటూ చాచా స్టూలు మీంచి సగం లేచి, మళ్లీ కూర్చున్నాడు. ముగ్గురం నవ్వాం. అందరికంటే ముందు ఆగిపోయింది ఆయన నవ్వే.

కొన్నేళ్లకు నేను సిరిసిల్లకు మారాక, చాచా ఫోన్ చేసి రమ్మన్నాడు. వెళ్లి చూస్తే వైఫై నిక్షేపంగా ఉంది.

“మంచిగనే ఉన్నది గద చాచా?”

“మంచిగనే ఉన్నది బేటా. అందరి ఫోన్లల్ల ఎక్కిపోయింది. ఇప్పుడు ఎవ్వలు అడుగుతలేరు.” గొంతు తగ్గించాడు. “జెర పాస్‌వర్డ్ మార్చు.”

“ఏం పెట్టాలె?”

“గదే పెట్టు.”

అదే పెడితే ఫోన్లన్నీ వాటంతటవే కలిసిపోతాయి. అందుకని పాస్‌వర్డు ముట్టుకోకుండా వైఫై పేరు మార్చేశాను. దాంతో గల్లీలోని ప్రతి ఫోనూ దాన్ని కొత్తదనుకుంది. నేను సంచి సర్దుకునేలోపే గుమ్మం దగ్గర అడిగేవాళ్లు చేరారు. చాచా కుట్టుపని ఆపి, ఒక్కొక్కరి చేతా ఆ మాట పైకి అనిపించుకుంటున్నాడు.

చాచా కూడా పోయాడు. ఆ ఇంట్లో ఇప్పుడు ఎవరో బేకరీ పెట్టారు. నా కింద పనిచేసే కుర్రాళ్లు ఎదుటి మనిషి ముఖం చూడకుండా టకటకా టైపు చేస్తుంటే కోప్పడబోతాను, నవ్వొస్తుంది. వాళ్ల వయసులో కోరుట్లలో కూర్చున్న ఆ పెద్ద డాక్టరును భుజం తట్టి, కాస్త తల ఎత్తరా నాయనా అని చెప్పాలనిపిస్తుంది. ఏం లాభం, వాడు వినడు.