నాలుగు తలుపుల షెవర్లే

హార్లో ఊళ్లో వేసవి వచ్చిందంటే ప్రతి శుక్రవారం సాయంత్రం హాంబర్గర్ల కొట్టు వెనక ఖాళీ జాగాలో పాత కార్ల కొలువు తీరుతుంది. కార్లను వరసగా నిలిపి, బానెట్లు పైకెత్తి, ఒక్కొక్క కారు వెనక దాని యజమాని మడత కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. చూడ్డానికి వచ్చినవాళ్లు మధ్యలో మెల్లగా నడుస్తూ, ఇంజన్లలోకి తొంగిచూసి, ఏదో అర్థమైనట్టు తలాడిస్తారు. కారున్నవాడు కూర్చోవాలి, లేనివాడు నడవాలి. ఎక్కడా రాసిపెట్టలేదు గానీ, చర్చి కట్టుబాట్లనైనా సడలిస్తారేమో, దీన్ని మాత్రం సడలించరు.

వెండెల్ హూక్‌స్ట్రాకి పాత కారు లేదు. ఉన్నదల్లా మనవరాలు వదిలేసిన చిన్న జపాను కారు. దాన్ని రెండు వీధుల అవతల చర్చి వెనక పెట్టి నడిచి వచ్చేవాడు. అయినా అతనికి కుర్చీ ఉంది, అదీ ముందు వరసలో. ఆఫీసు బల్లలు తయారుచేసే ఫ్యాక్టరీలో జీవితమంతా రంగులు కొట్టి రిటైరైన ఆ మనిషి ఆ కుర్చీని కేవలం జ్ఞాపకాలతో సంపాదించాడు. సైన్యం నుంచి తిరిగొచ్చి కొన్న పాంటియాక్, ముందు సీటులో కుటుంబమంతా పట్టే బ్యూక్, మంచులో కూడా ఒక్క తిప్పుకే పలికే రాంబ్లర్. వీటన్నిటికీ మహారాజు యాభై ఆరో సంవత్సరపు షెవర్లే. ఎర్రటి ఎరుపు, రెండు తలుపులు, వెనక్కి మడిచే పైకప్పు, ఎనిమిది సిలిండర్ల ఇంజను. దాని గురించి చెబుతున్నప్పుడు వెండెల్ కుడిచెయ్యి గాలిలోనే గేర్లు మారుస్తుండేది.

ఈ కొలువులో ఒక వింత ఉంది. మిషిగన్ ఫ్యాక్టరీలు ఆ రోజుల్లో సంసారపక్షంగా నాలుగు తలుపుల కార్లనే కుప్పలు తెప్పలుగా తయారుచేశాయి. అవన్నీ ఎవరు కొన్నారో దేవుడికే తెలియాలి. హార్లో మగాళ్లలో ఏ ఒక్కరికీ రెండు తలుపులకు మించిన కారు ఎన్నడూ లేదు. ఇంకో వింత, ఎవరూ తమంతట తాము కారు అమ్ముకోలేదు. అందరి చేతా భార్యలే అమ్మించారు. "బిడ్డ పుట్టబోతోంది, ఆవిడ పట్టుబట్టింది" అని చెప్పి ఒక నిట్టూర్పు విడిస్తే, ఆ కారుకు కర్మకాండ పూర్తయినట్టు. ఆ ఆవిడలందరూ పక్క వరసలో ఐస్‌క్రీము తింటూ ఇదంతా వింటూనే ఉంటారు. గతాన్ని ప్రేమించడం చాలా సుకుమారమైన గుణమని అనుకుంటాం. దానికి ఎవరో ఒకరు దోషిగా నిలబడాలని మాత్రం చెప్పుకోం.

వెండెల్ భార్య ఆర్డిస్ అలా నలభై ఏళ్లుగా నిలబడింది. టెలిఫోను ఎక్స్ఛేంజిలో పనిచేసిన మనిషి, ఎవరేం మాట్లాడినా మధ్యలో దూరకుండా వినడం అలవాటు. మొగుడి కథ విన్నవాళ్లు వచ్చి ఆమె భుజం తట్టి, పాపం ఆయన గుండె కోశావమ్మా అని నవ్వేవాళ్లు. ఆమె కూడా నవ్వేది.

జూన్ నెలలో పక్క జిల్లా నుంచి ఒక నర్సు ఫోన్ చేసింది. పేరు మార్లిస్. వాళ్ల నాన్న పోయాడు. ఆయన కొట్టంలో దుప్పట్లు కప్పుకుని ఉన్న షెవర్లే ఒకప్పుడు వెండెల్ దగ్గర కొన్నదేనట. శుక్రవారం తీసుకొస్తానంది. పాత యజమాని దొరికితే, కొలువు చివర ఊళ్లో తీసే ఊరేగింపులో ముందు నడిచే కారు అదే, దాన్ని ఆయనే నడపాలన్నది కొలువు మర్యాద. కొలువు పెద్ద గెరిట్ బోర్స్మా ఈ సంగతి ఊరంతా చాటాడు. వెండెల్ ఎగిరి గంతెయ్యాల్సింది. బదులుగా నిద్ర పోగొట్టుకున్నాడు.

ఎందుకంటే ఆ షెవర్లేది మీగడ రంగు. పైకప్పు గట్టి ఇనుము. సిలిండర్లు ఆరు. తలుపులు నాలుగు.

మర్నాటి నుంచి కాఫీ కొట్టులో కథకు మరమ్మతులు మొదలయ్యాయి. ఎరుపంటే నిప్పులాంటి ఎరుపని కాదు, సాయంత్రపు ఎండలో అలా కనిపించేదన్నాడు. అద్దాలన్నీ దించితే పైకప్పు ఉన్నా లేనట్టే ఉండేదని ఇంకో రోజు అన్నాడు. సిలిండర్ల సంగతి ఎవరూ అడగకముందే, ఆ రోజుల్లో ఆరు ఇప్పటి ఎనిమిదికి సమానమన్నాడు. తలుపుల దగ్గరికొచ్చేసరికి మాత్రం ఆగిపోయాడు. తలుపుల్ని ఎండ మీదికి నెట్టే వీల్లేదు.

గురువారం రాత్రి భోజనాల దగ్గర బయటపడ్డాడు. "నాలుగు తలుపులని తెలిస్తే నన్ను మళ్లీ అక్కడ కూర్చోనివ్వరు."

ఆర్డిస్ బఠాణీలు వడ్డిస్తూ, "తలుపుల సంగతి సరే, నా సంగతేం చేస్తావు?" అంది.

"నీ సంగతేముంది?"

"నేను అమ్మించానన్న సంగతి."

"అది మాటవరసకి అనేది. అందరూ అంటారు కదా."

"అందరి కార్లూ నాకెందుకు? ఈ కారు నా జీతంతో కొన్నాం. నేను డ్యూటీ దిగి వచ్చేసరికి కొన్నవాడి చేతిలో వీధి మలుపు తిరుగుతోంది. ఏడు నెలల కడుపుతో దాని వెనక పరిగెత్తాను. నువ్వు వరండాలో నిలబడి క్యాటలాగులో పడవ బొమ్మలు చూసుకుంటున్నావు." గిన్నె కింద పెట్టింది. "రేపు ఈ ముక్క వాళ్లకి చెప్పు. ఇంకేం అడగను."

వెండెల్ బఠాణీలను పళ్లెంలో ఈ మూల నుంచి ఆ మూలకి నెట్టాడు.

శుక్రవారం మార్లిస్ కారు నడుపుకుంటూ వచ్చింది. తళతళలాడేలా తుడిచి తెచ్చింది. జనం మూగారు. గెరిట్ కారు చుట్టూ ఒకసారి తిరిగాడు, తలుపుల దగ్గర ఆగాడు, మళ్లీ తిరిగాడు. ఇక లేవమంటారని వెండెల్ కుర్చీ చేతుల మీద బరువు ఆనించాడు.

కానీ గెరిట్ మార్లిస్ వైపు జాలిగా చూశాడు. "అమ్మాయ్, మీ నాన్న పొరబడ్డట్టున్నాడు. మా వెండెల్‌ది ఎర్ర కారు. రెండు తలుపులు. ఊరంతా ఎరుగుదుం."

అవునవునని నలుగురూ అందుకున్నారు. వాళ్లు వెండెల్‌ను కాపాడుతున్నారనుకుంటే పొరపాటు. ఇవాళ ఇతని కారుకు తలుపులు పెరిగితే, వచ్చే శుక్రవారం ఎవరి కారుకు పెరుగుతాయో ఎవరికి తెలుసు? ఎదురుగా ఉన్న కారును కాదనడం తేలిక.

"మా నాన్న పొరబడలేదు" అంది మార్లిస్. "పోయేముందు కూడా అదే చెప్పుకునేవాడు. కారు కొని తెస్తుంటే కడుపుతో ఉన్న ఒకావిడ వెనక పరిగెత్తుకొచ్చిందట. అద్దంలో చూశాడట, అయినా ఆపలేదట. ఆపాల్సిందిరా అనేవాడు. ఆవిడెవరో చూద్దామనే వచ్చాను."

"అది ఇంకెవరో అయుంటారమ్మా" అన్నాడు గెరిట్. "నువ్వే చెప్పు వెండెల్. ఇది నీ కారు కాదు కదా?"

కాదు అన్న ఒక్క మాట చాలు. ఎర్ర కారూ దక్కుతుంది, కుర్చీ దక్కుతుంది, ఆర్డిస్ నలభై ఏళ్లుగా ఉన్నచోటే ఉంటుంది. వెండెల్ భార్య వైపు చూశాడు. ఆమె అతన్ని చూడ్డం లేదు. కారు ముందు చక్రం పైని రేకు మీద అరచెయ్యి ఆనించి, జ్వరం చూస్తున్నట్టు నిలబడింది.

"నాదే" అన్నాడు. "నాదంటే, ఆర్డిస్‌ది. జీతం తనది. అమ్మింది నేను. తనకి చెప్పకుండా అమ్మాను, పడవ కోసం."

ఎవరో ఎందుకో బానెట్ దించేశారు. "పడవా?" అన్నాడు గెరిట్, ఏదో రోగం పేరు అడిగినట్టు.

"మునిగిపోయింది."

పక్క వరసలో గెరిట్ భార్య విల్మా ఐస్‌క్రీము కప్పు పక్కన పెట్టింది. "మా ఆయన ఫోర్డుని చెట్టుకి గుద్దాడు. దాన్ని కూడా నేనే అమ్మించానట" అంది. ఆ వరసంతా పగలబడి నవ్వింది. గెరిట్ తన బూట్లను పరీక్షించుకున్నాడు.

మార్లిస్ తాళంచెవి ఆర్డిస్ చేతిలో పెట్టి, ఆవిడ స్టీరింగు ముందు కూర్చోగానే పక్కన కూర్చుంది. ఆ పక్కన విల్మా ఎక్కింది. వెనక తలుపులు కూడా తెరుచుకున్నాయి. మోకాళ్ల నొప్పులున్న ముగ్గురు ఆడవాళ్లు వంగకుండా, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా హాయిగా ఎక్కి కూర్చున్నారు. వెండెల్ కిటికీ దగ్గరికి వెళ్లి, తనకెక్కడ చోటని అడిగాడు.

"లేదు వెండెల్" అంది ఆర్డిస్. "చూస్తున్నావుగా."

ఊరేగింపు బ్యాంకు మూల తిరిగి వెనక్కి రావాలి. ఆర్డిస్ తిరగలేదు. తిన్నగా ఊరవతలి సరస్సు దారి పట్టింది. ముందు కారు వెంట నడవడమే మర్యాద కనుక, ఆ మెరిసే కార్లన్నీ గొణుక్కుంటూ ఆవిడ వెనకే వెళ్లాయి. ఖాళీ జాగాలో ఖాళీ కుర్చీలకు కాపలాగా వెండెల్ ఒక్కడే మిగిలాడు. వాళ్లు తిరిగొచ్చేసరికి చీకటి పడింది. ఇంజను ఎలా ఉందని అడిగాడు. చల్లగా ఉంది నీళ్ల దగ్గర, అంది ఆర్డిస్.

ఆ తర్వాత హార్లో కథల్లో భార్యలు కార్లు అమ్మించడం మానేశారు. ఇప్పుడు ఇన్సూరెన్సు వాళ్లు అమ్మిస్తున్నారు. వాళ్లెవరూ పక్క వరసలో కూర్చోరు కదా. వెండెల్ కుర్చీ రెండో వరసకి జరిగింది. ఆగస్టు నాటికి మునిగిపోయిన అతని రేకు పడవ కథలో నున్నటి టేకు పడవగా మారింది, మునగడానికి ముందు ఒక పెద్ద తుఫాను కూడా వచ్చి చేరింది. వినేవాళ్లు ఇబ్బందిగా ఆర్డిస్ వైపు చూస్తే, ఆమె ఐస్‌క్రీము తినడం ఆపదు. కథ ఎంత పెరిగినా అందులో షెవర్లే మీగడ రంగుదే, ఆర్డిస్‌దే. అంతవరకు సరిగ్గా ఉంటే, ఎన్ని తుఫానులైనా తెచ్చుకోమంది ఆమె.