ఖాళీ గిన్నెలు తెచ్చిన తంటా

ఇట్టా దగ్గరికి జరిగి కూర్చోండి, మా పంతులమ్మను నేను ఎట్టా తరిమేసినానో చెప్తాను. కరెంటు ఇంకా రాని ఆ రోజుల్లో మైపాడు పక్కన మా పల్లెలో మామూలు అయ్యవార్లే నిలిచేవాళ్లు కాదు. అట్టాంటిది, చెవులు వినపడని పిల్లలకు చదువు నేర్పే పంతులమ్మ మద్రాసులో ట్రైనింగయ్యి మా బడికి వచ్చింది. అట్టాంటి పిల్లలు ముగ్గురు, అందులో మా చెల్లెలు ఒకతి. అంతకు ముందు వచ్చినామె నెల తిరక్కుండానే నెల్లూరికి బదిలీ చేయించుకొని పోయింది. "ఈమె కూడా పోతే నీ చెల్లెలికి ఇంక చదువు లేదు, జాగ్రత్తగా చూసుకో," అని మా అమ్మ పంతులమ్మ తిండీతిప్పలు నాకు అప్పగించింది.

నాకు పదహారేండ్లు. కడుపు నిండితే మనిషి ఎక్కడికీ కదలడని నా లెక్క. వంతులేసి ఇంటికొకరు చేపల పులుసు పంపేట్టు ఏర్పాటు చేసినాను. తీరా చూస్తే పంతులమ్మ చేప ముట్టదు. ("వాళ్లకు చెప్పబాకమ్మా, నొచ్చుకుంటారు," అన్నది పాపం.) నేను చెప్పలేదు. పులుసంతా నేనే తిని, గిన్నెలు కడిగి ఇచ్చేసేదాన్ని. ఖాళీ గిన్నె చూసి వాళ్లకు సంబరం. "మన పులుసుకు మరిగిందే!" అని ఆ పై వంతుకు ఇంకా పెద్ద గిన్నె వచ్చేది. నాకు బుగ్గలొచ్చినాయి, మజ్జిగన్నంతో ఆమె చిక్కిపోయింది.

ఒకరోజు పొద్దున్నే పంతులమ్మ ట్రంకుపెట్టెతో కాలవలో పడవెక్కేసింది. మేం పరిగెత్తేసరికి పడవ దూరం పోయింది. ఎంత అరిచినా ఎదురుగాలికి ఒక్క మాటా పోలేదు. మా చెల్లెలు నాయన తలగుడ్డ లాక్కొని, నెత్తిమీద రెండుసార్లు తిప్పి కిందికి కొట్టింది. ఒడ్డునుంచి మావాళ్లు సముద్రంలో చేపలు పట్టే తెప్పలకు "వెనక్కి తిరుగు" అని చెప్పే సైగ అది. పడవ నడిపేది మావాడే, అలవాటుకొద్దీ తిప్పేసినాడు.

"ఎవరు పిలిచింది?" అని మండిపడతా దిగింది పంతులమ్మ. చెల్లెలు తలగుడ్డ చూపించింది. ("చేతులాడించబాక, నా పెదాలు చూడు" అని ఆమె బడిలో రోజూ కసిరేది ఈ పిల్లనే.) పంతులమ్మ ట్రంకుపెట్టె కింద పెట్టేసింది.

"మేమేం తక్కువ చేసినాం తల్లీ?" అని అడిగింది మా అమ్మ.

"ఆకలమ్మా," అన్నది పంతులమ్మ, తల దించుకొని.

"ఆకలా! మొన్న మా ఇంటినుంచి అంత గిన్నెడు పులుసు..." అంటా మా అత్త ఆగిపోయింది. అందరూ ఒక్కసారిగా నా బుగ్గలకేసి చూసినారు.

ఆ పూటనుంచి పప్పూ కూరలూ మా అమ్మే వండి పెట్టింది. పంతులమ్మ ఆరేండ్లు ఉండిపోయింది. తెప్పల సైగలన్నీ చెల్లెలి దగ్గర నేర్చుకొని, వాటితోనే పాఠాలు చెప్పింది. బడిలో సైగలు కూడదనే ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజు మాత్రం అందరూ చేతులు కట్టుకొని కూర్చునేవాళ్లు.

ఇప్పుడు మా చెల్లెలు జాబు రాస్తే, నేను కూడబలుక్కొని చదివే లోపల రెండోది వచ్చేస్తుంది. నవ్వుకుంటాను, ఏం చేస్తాను. మీ ఇల్లు చల్లగుండాలి, మీ పిల్లలకు నిలిచి చెప్పే పంతులమ్మ దొరకాలి.