పసుపు సీసా, సున్నం వేలు

మా అమ్మాయి నంద్యాల కాలేజీలో రసాయనశాస్త్రం పాఠాలు చెబుతూనే తనూ పెద్ద చదువు చదివేది. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, హైదరాబాదులో ఒక లేజరు మిషను వాడుకోవడానికి ఆమెకు రెండు రోజులు ఇచ్చారు. అవి పోతే మళ్లీ ఏడాది ఆగాలి.

ఆళ్లగడ్డలో మా పెరటి పసుపు నుంచే కాలేజీలో రంగు తీసి, చిన్న సీసాలో పోసి, నల్ల కాగితం చుట్టి ఇంటికి తెచ్చుకుంది. వెలుగు తగిలితే పసుపు లోపల ఏమవుతుందో చూడడమే ఆమె పని.

"రెప్ప వేసేలోపల అయిపోతాదా?" అన్నాను.

"రెప్పంటే దానికి యుగం మా. ఒక ఎలుగు దాన్ని తట్టి లేపుతాది. ఎనకాలే ఇంకోటి పోయి ఎట్లుందో చూసొస్తాది. ఒక్క చుక్క వేరేది కలిసినా అంతా అబద్దమే చూపుతాది."

మరునాడు తొమ్మిదికి బస్సు. ఆ పొద్దున ఆమె స్నానానికి పోయింది. నేను అప్పుడే ఆకువక్క వేసుకుని, ఆ రంగు ఎట్లుందో చూద్దామని మూత తీశాను. అంచున కారబోయిన చుక్కను వేలితో లోపలికి తోశాను. ఆ వేలికి సున్నం ఉంది. కళ్లముందే సీసా దిష్టినీళ్లలా ఎర్రబడింది.

నిమ్మరసం పిండితే మళ్లీ పచ్చబడుతుందని నాకు తెలుసు. కాయ కోసి, బద్దను సీసా మీద పట్టుకున్నాను. అమ్మాయి కంటికి తేడా తెలియదు. మిషనుకు తెలుస్తుంది. పిండలేకపోయాను.

"ఏందిమా, నిమ్మకాయ పట్టుకోని నిలబడినావు?"

"నీ సీసాలో నా సున్నం పడింది పాపా."

ఆమె సీసా ఎత్తి చూసింది. తిట్టినా బాగుండేది.

"పిండినావా?"

"లేదు."

"పిండింటే నాకు తెలిసేదే కాదు. రెండు దినాలు ఆడ తల పట్టుకోని కూచ్చుంటాంటి." గడియారం వైపు చూసింది. ఎనిమిదింబావు. "పచ్చికొమ్ములు ఉంటే ఆడికి పోయినాక రంగు తీసుకుంటా. అంతా ఉడకేసి ఎండేస్తిరి కదా?"

"విత్తనానికి దాచినవి ఉండాయి."

విత్తనం ఎవరికీ ఇవ్వం మేము. ఆ రోజు నీడన పూడ్చిన గుంత నేనే తవ్వబోయాను.

"ముందు చింతపండేసి చేతులు కడుక్కోపో" అంది.

కొమ్ములు తడిగుడ్డలో చుట్టి ఇచ్చాను. తొమ్మిది బస్సు ఎక్కించి వచ్చాను.

నాలుగో రోజు పక్కింటికి ఫోను చేసి నన్ను పిలిపించింది.

"వచ్చింది మా, అనుకున్నట్లే వచ్చింది. ఇంక ఆకువక్క ఏసుకోపో."

అన్ని రోజులూ నేను ముట్టలేదని ఆమెకు ఎవరూ చెప్పలేదు.