సంతకం పెడితే ఓడ ఎక్కనివ్వలేదు

తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న రోజుల్లో, దిల్‌సుఖ్‌నగర్ గోడల మీది నినాదాలు కూడబలుక్కుంటూ అరవయ్యో ఏట చదవడం, రాయడం నేర్చుకున్నాను. ఆ ఏడాదే అల్లుడు మమ్మల్ని ముంబయిలో పెద్ద విహార నౌక ఎక్కించడానికి తీసుకెళ్లాడు. ఎక్కేముందు ఫారం మీద దర్జాగా సంతకం పెట్టాను. కౌంటర్‌లోని అమ్మాయి నన్ను ఆపేసింది. నా పాస్‌పోర్టులో ఉన్నది వేలిముద్ర, అదీ చదువు రాకముందు వేసింది!

"అత్తమ్మా, జర వేలిముద్ర ఎయ్యిండ్రి. ఓడ పోతది," అన్నాడు అల్లుడు.

"పోనియ్ బిడ్డా! సంతకం నేర్చుకున్నది మళ్ల సిరాల వేలు ముంచెటందుకా?"

"మీరు వేలు ముంచకుంటే మా టికెట్లు మునుగుతయ్!"

నాకే నవ్వొచ్చి, బొటనవేలు ముంచి ముద్ర వేశాను. సంతకాన్ని మాత్రం కొట్టెయ్యనివ్వలేదు. రెండూ పక్కపక్కనే ఉన్న ఆ ఫారంతోనే ఓడ ఎక్కాను. ముద్ర వేసినందుకు నాకేం చిన్నతనం లేదు. నేను కలం పట్టుకున్నదీ ఆ వేలితోనే.