పాస్ లేని ప్రయాణికురాలు

దెయ్యాలు, ఆత్మలు ఉన్నాయని నేను ఏనాడూ నమ్మలేదు. మాది వినుకొండకు దగ్గరలోని ఒక పల్లె. మా ఇంట్లో ఆదివారం ప్రార్థన ఉండేది గాని, దిష్టి తీయడం, తాయెత్తులు కట్టడం ఉండేవి కావు. మా వంశంలో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. ఇంజనీరింగ్ చదివాను. కారణం లేకుండా ఏదీ జరగదని నేర్చుకున్నాను. ఇప్పటికీ నా అభిప్రాయం అదే. అయినా ఇక్కడ రాస్తున్న విషయాలకు నాకు కారణం దొరకలేదు. అందుకే చూసింది చూసినట్టు, విన్నది విన్నట్టు రాస్తున్నాను.

ముందుగా మా అమ్మ మరియమ్మ గురించి చెప్పాలి. అమ్మ మిరప కోతలకు కూలికి వెళ్ళేది. మా వైపు కాయ కోసే ఆడవాళ్ళు చీర మీద పొడుగు చేతుల మగవాళ్ళ చొక్కా తొడుక్కుని, తలకు గుడ్డ చుట్టుకుంటారు. అటు ఎండ నుంచి, ఇటు మంట నుంచి అదే రక్షణ. అమ్మ తొడుక్కునేది నా పాత కాలేజీ యూనిఫారం చొక్కా. లేత నీలం రంగు. నా పెన్ను కారడం వల్ల జేబు దగ్గర పెద్ద సిరా మరక ఉండేది. ఎన్నిసార్లు ఉతికినా పోలేదు. "ఉండనీలే, మావాడి చదువు గుర్తు" అనేది అమ్మ.

ఆ చొక్కాతోనే చనిపోయింది. కోతకు వెళ్తుండగా ఆసామి ట్రాక్టరు కాలువ కట్ట మీద అదుపు తప్పి, దాని వెనక కూలీలున్న ట్రక్కు తిరగబడింది. మిగిలినవాళ్ళు దెబ్బలతో బయటపడ్డారు. అమ్మ దాని కింద ఉండిపోయింది.

మా నాన్న యేసోబు ఆ ఆసామి దగ్గరే ట్రాక్టరు డ్రైవరు. ఆ రోజు బండి తోలింది ఆయనేనని కూలీలందరూ పోలీసులకు చెప్పారు. "నేనే తోలాను" అని నాన్న కూడా ఒప్పుకున్నాడు. కేసు వినుకొండ కోర్టుకు వెళ్ళింది. లాయరును ఆసామి రంగారావు గారే పెట్టించారు. నా విదేశీ చదువు కోసం బ్యాంకుకు హామీగా తన పొలం కాగితాలు పెట్టింది కూడా ఆయనే. ఆ తరువాత కొన్నాళ్ళకు నేను జర్మనీలోని మ్యూనిక్‌లో ఎం.ఎస్. చదవడానికి వెళ్ళిపోయాను. నాన్నతో ఫోనులో మాట్లాడేవాణ్ణి గాని, బాగున్నావా అంటే బాగున్నాను అన్నంత వరకే. అమ్మ చావు ఆయన చేతిలో జరిగిందని నా గుండెలో గట్టిగా నాటుకుపోయింది.

రెండో ఏడు వేసవిలో రంగారావు గారు ఫోను చేశారు. వారి అబ్బాయి కిశోర్ యూరప్ చూడటానికి వస్తున్నాడట. "మావాడికి అక్కడి భాష రాదు. శని, ఆదివారాలు వాడి వెంట ఉండి అన్నీ చూపించు బాబూ" అన్నారు. నాన్నను అడిగితే, "పెద్దాయన మాట తీసెయ్యకు" అన్నాడు. ఇంకేమీ అడగనివ్వకుండా ఫోను పెట్టేశాడు. ఆ తొందరకు అర్థం నాకు అప్పుడు తెలియలేదు.

కిశోర్‌ది నా వయసే. నన్ను "ఒరేయ్ దావీదూ" అనేవాడు. నేను "అండి" అనేవాణ్ణి. మా అమ్మ అతని కంటే ఎంతో పెద్దదైనా అతను ఆమెను "ఏమే మరియమ్మా" అని పిలవడం చిన్నప్పటి నుంచి వింటూనే పెరిగాను. మా ఊళ్ళో అది ఎవరికీ తప్పుగా తోచదు.

అక్కడ ఒకే రైలు పాస్‌తో అనేక దేశాలు తిరగవచ్చు. మేము తీసుకున్నది నెలలో కొన్ని రోజులు మాత్రమే పనిచేసే రకం. ప్రయాణం చేసే రోజు ఫోనులో పాస్ తెరిచి, ఎక్కబోయే రైలును అందులో చేర్చుకోవాలి. రైలులో తనిఖీకి వచ్చే కండక్టరు దాన్ని తన యంత్రంతో చూసుకుంటారు. ఎవరి పాస్ వారిదే. ఒకరి పాస్ మీద మరొకరు వెళ్ళడానికి లేదు.

మొదటి శనివారం ఉదయం ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్‌కు బయలుదేరాము. మధ్యలో బల్ల, దానికి అటూ ఇటూ రెండేసి సీట్లు. నేను, కిశోర్ నడవ వైపు ఎదురెదురుగా కూర్చున్నాము. నా పక్కన కిటికీ సీటు ఖాళీగా ఉంది. కిశోర్ మంచి హుషారులో ఉన్నాడు.

"మన కాయలు ఇలాంటి సీట్లలో కూర్చుని గుంటూరు మిర్చి యార్డుకు వెళ్తే ఇంకాస్త రేటు పలికేవి కదరా" అన్నాడు. నేను నవ్వాను.

"మీ నాన్న తోలిన ట్రాక్టరు కంటే ఇదే నున్నగా పోతోంది" అన్నాడు.

నేను నవ్వలేదు. ఆ మాట అంటూనే అతనికి దగ్గు మొదలైంది. కళ్ళెంట నీళ్ళు కారాయి. కళ్ళంలో ఎండుకాయలు తిరగేసేటప్పుడు ఘాటుకు వచ్చే దగ్గు మా వైపువాళ్ళెవరైనా గుర్తుపడతారు. అచ్చం ఆ దగ్గే. నా సంచిలో ఉన్న పండుమిరపకాయ పచ్చడి సీసా మూత ఊడిందేమోనని చూశాను. గట్టిగానే ఉంది. అయినా సంచి తీసుకుపోయి పక్క పెట్టెలో పెట్టి వచ్చాను. దగ్గు తగ్గలేదు. నాకు మాత్రం ఏ ఘాటూ తగలలేదు.

అప్పుడే కండక్టరు వచ్చాడు. నా పాస్ చూశాడు, కిశోర్ పాస్ చూశాడు. తరువాత నా పక్క సీటు వైపు చెయ్యి చాపి, "ఆవిడ పాస్?" అన్నాడు. మేమిద్దరమేనని చెప్పాను. అతను ఆ సీటు వైపు, నా వైపు మార్చి మార్చి చూసి, ఏదో గొణుక్కుంటూ ముందుకు వెళ్ళిపోయాడు. పొరపాటు పడ్డాడనుకున్నాను. ఆ సాయంత్రం వెనక్కి వచ్చేటప్పుడు మరొక కండక్టరు కూడా అదే అడిగింది. రెండు పొరపాట్లు అనుకున్నాను.

తరువాతి వారాంతం ఇన్స్‌బ్రుక్‌కు వెళ్ళాము. ఈసారి నేను కావాలనే వేరే రకం సీట్లు చూశాను. ఇద్దరికి మాత్రమే చోటున్న వరసలో పక్కపక్కన కూర్చున్నాము. నడవకు అవతలి సీటు ఖాళీ. రైలు కదిలిన కాసేపటికే కిశోర్‌కు మళ్ళీ దగ్గు పట్టుకుంది. కొండలు, పచ్చిక బయళ్ళు ఏవీ చూడకుండా ముఖానికి తువాలు అడ్డం పెట్టుకున్నాడు.

కండక్టరు పెద్దవయసు ఆస్ట్రియా మనిషి. మా పాస్‌లు చూసి, అవతలి సీటు దగ్గర నిలబడి మర్యాదగా ఏదో అడిగాడు. కాసేపు ఆగాడు. మళ్ళీ అడిగాడు. తరువాత నా దగ్గరకు వచ్చి గొంతు తగ్గించాడు.

"ఆమె మీ మనిషేనా? నేను ఎంత అడిగినా పలకడం లేదు. ఈ అబ్బాయినే చూస్తోంది. ఇంత ఎండలో తలకు గుడ్డ, పొడుగు చేతుల చొక్కా. ఆమెకు ఒంట్లో బాగుందా?"

నేను అవతలి సీటు వైపు తిరిగాను. సీటు గుడ్డ మీద ఎండ పడుతోంది. అంతకు మించి ఏమీ లేదు.

కిశోర్ తువాలు తీసి, "ఏమంటున్నాడురా?" అన్నాడు. ఆ పెద్దమనిషి అన్నదంతా తెలుగులో చెప్పాను. అతని ముఖం పాలిపోయింది. "నువ్వేగా వీళ్ళతో ఇలా అనిపిస్తున్నావు?" అన్నాడు. నాకు తెలిసిన కండక్టరు ఒక్కరూ లేరని చెప్పాను. అతను నన్ను నమ్మలేదు. అతని స్థానంలో ఉంటే నేనూ నమ్మేవాణ్ణి కాదు.

ఆ రెండు రోజులూ కిశోర్ ఊరు చూడలేదు. హోటలు గదిలోనే ఉన్నాడు. చిత్రమేమంటే గదిలో దగ్గు లేదు. రైలు ఎక్కితేనే వచ్చేది.

ఆ తరువాత జ్యూరిక్‌కు పగటి రైలులో బయలుదేరాము. తాను రానని కిశోర్ మొదట మొండికేశాడు. కాని వాళ్ళ నాన్న ఫోనులో "పాస్ కొన్నది గదిలో పడుకోవడానికా" అని కసిరేసరికి కదిలాడు. ఈసారి అతను ఎక్కడ కూర్చున్నా నాకు అభ్యంతరం లేదన్నాను. బల్ల ఉన్న సీటే ఎంచుకుని, నా పక్కనున్న కిటికీ సీటు మీద తన సంచి, నా సంచి, ఇద్దరి వాన కోట్లు పేర్చాడు. ఎవరూ కూర్చోకుండా ఉండటానికి.

దారిలో పెద్ద సరస్సు కనిపించేసరికి దగ్గు ఊపిరాడనంతగా పెరిగింది. చుట్టుపక్కలవాళ్ళు మంచినీళ్ళు ఇచ్చారు. ఆ సమయంలో కండక్టరు వచ్చింది. నడివయసు స్త్రీ. ఇంగ్లీషులోనే మాట్లాడింది. మా పాస్‌లు చూసి, సంచులున్న సీటు వైపు వంగి చిరునవ్వు నవ్వి, తన జేబులోంచి కాగితపు రుమాలు తీసి నా చేతికిచ్చింది.

"ఆవిడ జేబులో పెన్ను కారినట్టుంది. చొక్కా అంతా సిరా. తుడుచుకోమనండి" అంది. "పాస్ తీసి ఉంచమనండి, మళ్ళీ వస్తాను."

ఆ మాట కిశోర్‌కు నేను చెప్పనక్కరలేదు. ఆ మాత్రం ఇంగ్లీషు అతనికి వచ్చు. ఆ రుమాలు ఎంతసేపు పట్టుకున్నానో తెలియదు.

కిశోర్ సీటులోంచి లేచి నిలబడ్డాడు. ఆ సంచుల వైపు చూస్తూ రెండు చేతులూ జోడించాడు. తెలుగులో, అందరికీ వినబడేలా అన్నాడు.

"మరియమ్మ గారండీ, నేనే తోలానండీ. యేసోబు వద్దన్నా వినకుండా స్టీరింగు తీసుకున్నాను. ఫోనులో మాట్లాడుతూ తోలాను. దిగిపోండి. మీకు దండం పెడతాను, దిగిపోండి."

మా అమ్మను అతను "గారు" అనడం నేను వినడం అదే మొదటిసారి.

దగ్గు ఆగింది. రైలు బ్రెగెంజ్ స్టేషనులో ఆగింది. తలుపులు తెరుచుకున్నాయి, మూసుకున్నాయి. తరువాత ఆ కండక్టరు మళ్ళీ వచ్చింది. సంచుల వైపు చూసి, "ఓ, దిగిపోయారా" అని మాత్రం అని వెళ్ళిపోయింది.

జ్యూరిక్‌లో దిగాక కిశోర్‌ను నేను ఒక్క మాటే అడిగాను. "కోర్టులో చెప్తారా?" అతను తల ఊపాడు. రెండు రోజుల్లోనే ఇండియాకు వెళ్ళిపోయాడు. వాళ్ళ నాన్న ఒప్పుకోలేదని, కిశోర్ కూడా వెనక్కి తగ్గబోయాడని తరువాత తెలిసింది. నేను జ్యూరిక్ నుంచే మా నాన్నకు ఫోను చేసి అడిగాను.

"కూలీల చేత అలాగే చెప్పించారు. నేను కాదంటే బ్యాంకులో పెట్టిన పొలం కాగితాలు వెనక్కి తీసుకుంటామన్నారురా. పోయిన మనిషి ఎలాగూ రాదు, నీ చదువన్నా నిలబడనీ అనుకున్నాను" అన్నాడు. ఆ రోజు నేను ఆయనతో గంటల కొద్దీ మాట్లాడాను.

నెల తిరిగేలోగా ఆయనే ఫోను చేశాడు. కిశోర్ జడ్జి గారి ముందు నిజం చెప్పాడట. "కోర్టుకు బస్సులో వచ్చాడంట. దారి పొడుగునా దగ్గేనంట. చెప్పిందాకా తగ్గలేదంట" అన్నాడు నాన్న. ఆ గొంతులో జాలి ఉంది. నాకు కలగలేదు. ఇవాళ్టికీ కలగలేదు.

నా పాస్‌లో ఒక రోజు ప్రయాణం మిగిలిపోయింది. గడువు అయిపోయే లోపల ఒక ఆదివారం మళ్ళీ ఆ సరస్సు దారిలోనే వెళ్ళాను. పక్క సీటు మీద ఏమీ పెట్టలేదు. పండుమిరపకాయ పచ్చడి, అన్నం ఇద్దరికి సరిపడా తెచ్చుకున్నాను. కండక్టరు వచ్చాడు. నా పాస్ చూశాడు. నేను అతని ముఖం వైపే చూస్తున్నాను. పక్క సీటును దాటి వెనక వరసకు వెళ్ళిపోయాడు. వెనక్కి వచ్చేటప్పుడూ అంతే.

ఈ ఏడు సెలవులకు ఊరు వెళ్ళినప్పుడు వినుకొండలో నరసరావుపేట బస్సు ఎక్కాను. నాకు రెండు వరసల ముందు కిశోర్ కూర్చుని ఉన్నాడు. చిక్కిపోయాడు. అతని మీద కేసు ఇంకా నడుస్తోంది. ఇప్పుడు ఏ బండీ నడపడని ఊళ్ళో అన్నారు. అతని పక్కన కిటికీ సీటు ఖాళీ. అంటే, నాకు ఖాళీగానే కనిపించింది.

మా రాష్ట్రంలో ఇప్పుడు ఆడవాళ్ళకు బస్సు ఉచితం. ఆధార్ కార్డు చూపిస్తే చాలు. కండక్టరు కిశోర్‌కు టికెట్టు కొట్టి, కిటికీ వైపు చూసి, "అమ్మా, ఆధార్ చూపించమ్మా" అన్నాడు.

"ఆవిడ దగ్గర కార్డు లేదండి, డబ్బులు తీసుకోండి" అన్నాడు కిశోర్. గొంతులో వింత ఏమీ లేదు. రోజూ అనే మాటలా అన్నాడు.

కండక్టరు రెండో టికెట్టు కొట్టి ఇచ్చాడు. "మీ అమ్మగారికి కార్డు తీయించండయ్యా, ఊరికే డబ్బులు దండగ" అన్నాడు. కిశోర్ దగ్గు ఆపుకున్నాడు.

తరువాత కండక్టరు నా దగ్గరకు వచ్చాడు.

"ఒక్కరేనా?"

అతను నా పక్క సీటు వైపు చూస్తాడేమోనని కాసేపు ఆగాను. చూడలేదు.

"ఒక్కడినే" అన్నాను.